గురువారం అమ్మాయి

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి. ఒకచోట పెట్టాల్సిన ఒత్తు ఇంకొకచోట పెడతాను. పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది, మధ్యలో పొయ్యి మీద పాలు పొంగితే ఆ పూట కూడా పోతుంది. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి. నాకు అక్షరాలు నేర్పిన అమ్మాయి గుణింతాలు అయ్యాక, ఒత్తులు మొదలుపెట్టకముందే వెళ్ళిపోయింది. ఈ కథ ఆ అమ్మాయిదే.

రాయమన్నది ప్రేమ్‌చంద్ మాస్టారు. యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివే పిల్లల్ని ఊళ్ళకు పంపి, ఊరివాళ్ళ మధ్య ఉంచి, పని నేర్పించే మాస్టారు ఆయన. పోయినేడాది నన్ను వెతుక్కుంటూ వచ్చి, కొత్తగా ఊళ్ళకు వెళ్ళే పిల్లలకు ఆనాటి సంగతి చెప్పాలని ఉంది, నాకు నోరు రావడం లేదు, మీరు చెప్పండమ్మా అన్నారు. నలుగురిలో నిలబడి మాట్లాడటం నా వల్ల కాదన్నాను. అయితే రాయండి అన్నారు.

మా ఊరు చిలకలూరిపేట నుంచి లోపలికి వెళ్ళాలి. అంతా నల్లరేగడి. వాన పడితే చెప్పు దిగబడుతుంది, ఎండ కాస్తే నేల నెర్రెలిచ్చి కాలు దిగబడుతుంది. తొంభై ఏడులో పత్తికి పచ్చపురుగు పట్టింది. ఏ మందుకీ లొంగలేదు. మిగిలిన కాస్త పత్తి ముసురుకు నల్లబడింది. ఆ ఏడు మా ఊళ్ళో, చుట్టుపక్కల ఊళ్ళలో పురుగు బతికింది, మనుషులు పోయారు. ఏ బజారుకు వెళ్ళినా ఏదో ఒక ఇంటి ముందు ముగ్గు ఉండేది కాదు.

ఆ తర్వాత మిరప కోతల రోజుల్లో ఇద్దరు పిల్లలు యూనివర్సిటీ నుంచి వచ్చారు. చైతన్యకృష్ణ అనే అబ్బాయికి పంచాయితీ ఆఫీసు గదిలో బస ఇచ్చారు. భానుశ్రీ అనే అమ్మాయిని మా చలమయ్య బావ నా ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన అప్పుడు ఊరి పెద్ద. "సుబ్బరావమ్మా, నువ్వూ ఒంటిదానివేగా, ఈ పిల్లకు నాలుగు నెలలు ఇంత కూడు పెట్టు" అన్నాడు. నా భర్త బుల్లయ్య మిరపచేలో పాము కరిచి పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. మాకు పిల్లలు లేరు. సరేనన్నాను.

భానుశ్రీది చీరాల. నేతపని చేసేవాళ్ళ పిల్ల. వచ్చిన మర్నాడు నాతో చేలోకి వచ్చి, చెట్టుకు మిగిలిపోయిన పత్తికాయ ఒకటి కోసి, వేళ్ళతో దూది సాగదీసి చూసింది. "మా నాన్న చేతికి వచ్చేసరికి ఇది దారం పెద్దమ్మా. చెట్టు మీద చూడటం ఇదే మొదలు" అంది. మనిషి సన్నం, మాట గలగల. కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఆ చేత్తోనే కన్ను నలుపుకుని గిలగిల్లాడింది. పక్కింటి సర్దార్‌బీ పకపకా నవ్వి, "ఓ చీరాల పిల్లా, కళ్ళల్లో కారం పెట్టుకుంటే మార్కులేస్తారా మీ కాలేజీలో?" అంది. తనే దాని కళ్ళు కడిగి, వేళ్ళకు ఆముదం రాసింది.

పిల్లల పని ఏమిటంటే, పత్తి రైతులు చనిపోయిన ఇళ్ళకు వెళ్ళాలి. ఏం జరిగిందో అడగాలి, రాసుకోవాలి, ఆ ఇంటి ఆడవాళ్ళకు ఆఫీసుల్లో ఏ సాయం రావాలో చూసి పెట్టాలి. మంచి పనే. మాకు అలాంటి సాయం చేసినవాళ్ళు అంతకుముందు లేరు.

మొదటిరోజు సాయంత్రం భానుశ్రీ నేరుగా గడప ఎక్కబోతుంటే ఆపాను. "అమ్మాయ్, కాళ్ళు కడుక్కుని రా" అన్నాను. దాని ముఖం చిన్నబోయింది.

"మేం పద్మశాలీలం పెద్దమ్మా" అంది మెల్లగా.

"నీ కులం ఎవరడిగారే? చావింటికి వెళ్ళొచ్చావు. ఆ ఇంటి ఏడుపు ఆ ఇంట్లోనే ఉండాలి. కాళ్ళకు అంటించుకుని నా వంటింట్లోకి తెస్తే ఈ పూట నువ్వూ తినలేవు, నేనూ తినలేను."

నవ్వి కాళ్ళు కడుక్కుంది. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, ఆ ఇంటి నుంచి లేచేటప్పుడు ఏం చెప్పావని అడిగాను. వెళ్ళొస్తానని చెప్పానంది. నేను నోటి మీద చెయ్యి వేసుకున్నాను. చావింట్లో ఆ మాట అనకూడదు. వెళ్ళొస్తానంటే ఇలాంటి పని మీద మళ్ళీ వస్తానన్నట్టు. అందుకని మా వైపు పరామర్శకు వెళ్ళినవాళ్ళు కాసేపు కూర్చుని, మాటామంతీ లేకుండా లేచి వచ్చేస్తారు. ఇదంతా చెప్పాను.

అది మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "మనం వాళ్ళ మంచి కోసమే అనమనుకో. లోపల కూర్చున్న మనిషికి ఎలా ఉంటుంది పెద్దమ్మా? వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పకుండా లేచిపోతుంటే?"

బుల్లయ్య పోయినప్పుడు నేను మూలన కూర్చుని చూసింది వీపులే. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి అటు తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. ఆచారమని తెలుసు. తెలిసినా ఒంటికి తగిలేది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కాళ్ళు కడుక్కోవడం నా మాట. వెళ్ళొస్తాననడం దాని మాట. ఇంకొకటి కూడా కలిపాను. ఏ ఇంటికి వెళ్ళినా సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఆ ఇంట్లో ఏం విన్నదో నాకు చెప్పాలి. చెప్పాకే అన్నం. అందుకు బదులు అది నాకు అక్షరాలు దిద్దిస్తానంది. పలక కొనుక్కొచ్చింది. అలా రోజూ పొద్దు వాలే వేళ ముందు అది చెప్పేది, తర్వాత నేను దిద్దేదాన్ని.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత అన్నం తగ్గింది. ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండేది. ఒకరోజు పురుగుమందు డబ్బా కనబడితే వాంతి చేసుకుంది. రోజుకు ఒక ఇంటికే వెళ్ళమన్నాను. అలా అయితే పని తెమలదంది. ప్రేమ్‌చంద్ మాస్టారు మోటారు సైకిల్ మీద వచ్చినప్పుడల్లా ఎన్ని ఇళ్ళయ్యాయని అడిగేవారు. నేనే ఆయన దగ్గరకెళ్ళి, పిల్ల తిండి తినడం లేదండీ అని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. నెమ్మదిగానే చెప్పారు, ఫీల్డు వర్కు అంటే మొదట్లో అలాగే ఉంటుందమ్మా, అలవాటవుతుంది అని.

"చావింటికి వెళ్ళడం అలవాటు చేసుకోవాల్సిన వయసా అయ్యా అది?" అన్నాను. ఆయన గడియారం చూసుకున్నారు. వేరే ఊళ్ళో ఇంకో ఇద్దరు పిల్లలున్నారు ఆయనకు.

ఇక నాగజ్యోతి సంగతి చెప్పాలి.

కాలవ అవతల కాలనీలో ఉండేది. భర్త శివనాగరాజు కౌలుకు చేసి పత్తి వేశాడు, అప్పులు తీరక ఉసురు తీసుకున్నాడు. నాగజ్యోతికి పాతికేళ్ళు కూడా లేవు, చంకలో ఆడపిల్ల. అత్తామామలు లేరు. పుట్టిల్లు పొన్నూరు, తల్లి ఒకతే ఉంది. భానుశ్రీ మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదట. అది కూర్చుని కూర్చుని లేచి, వెళ్ళొస్తానక్కా అంది. అప్పుడు నాగజ్యోతి తలెత్తి, "ఎప్పుడు?" అని అడిగింది.

భానుశ్రీ ఆ సాయంత్రం నాకు ఇది చెబుతూ ఏడ్చింది. ఎవరూ అలా అడగలేదు పెద్దమ్మా, నాకేం చెప్పాలో తెలియక గురువారం అన్నాను అంది. అన్నమాట ప్రకారం గురువారం వెళ్ళింది. ఆ పై గురువారం కూడా వెళ్ళింది. ఆ ఇంట్లో రాసుకోవాల్సింది రాసేసుకున్నాక కూడా మానలేదు. కాగితం, పెన్ను ఇంట్లోనే పెట్టి వెళ్ళేది. ఏం చేస్తారే ఇద్దరూ అంటే, పిల్లకు తల దువ్వుతాం, బియ్యంలో రాళ్ళు ఏరుతాం అనేది.

కొన్ని వారాలకు నాగజ్యోతి వాకిట్లో ముగ్గు కనబడింది. సంవత్సరీకం కాకుండా చావింటి ముందు ముగ్గేమిటని కాలనీ ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఎవరొస్తారని ఈ సింగారమని ఒకావిడ మొహం మీదే అనేసింది. నాగజ్యోతి చీపురు కింద పెట్టి, "మా గురువారం అమ్మాయి వచ్చిద్ది" అందట. ఆ మాట ఊరంతా పాకింది. కల్లంలో అందరూ భానుశ్రీని గురువారం అమ్మాయి అనే పిలవడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే అది మళ్ళీ కడుపునిండా తినసాగింది. గురువారం సాయంత్రాలు అది చెప్పే కబుర్లలో నవ్వు ఉండేది. పాప నడక నేర్చింది, నాగజ్యోతి కల్లానికి కూలికి వస్తానంటోంది, ఇలాంటివి.

ఒక బుధవారం మధ్యాహ్నం మాస్టారు జీపు వేసుకుని వచ్చారు. యూనివర్సిటీలో ఏదో సెమినారట, పెద్దవాళ్ళు వస్తున్నారట, పిల్లలందరూ వచ్చి తాము చూసింది చెప్పాలట. రెండు రోజుల్లో తిరిగి పంపిస్తామన్నారు. భానుశ్రీ కాలనీకి ఒకసారి వెళ్ళి చెప్పి వస్తానంది. జీపులో అప్పటికే మిగతా ఊళ్ళ పిల్లలున్నారు, ఆలస్యమవుతుందన్నారు. అది నా చేతులు పట్టుకుని, పెద్దమ్మా నువ్వు చెప్పు, వచ్చే గురువారం తప్పకుండా వస్తానని చెప్పు అంది.

నేను అప్పుడే కాలవ దాటి వెళ్ళి చెప్పాను. నాగజ్యోతి పాపకు అన్నం పెడుతోంది. "సరేలే అత్తా. చదువుకునే పిల్ల. ఎన్నాళ్ళని వచ్చిద్ది" అంది. వచ్చే గురువారం వస్తుందే, చెప్పమంది అన్నాను. తలూపింది. కాసేపు కూర్చుని, నేను కూడా వెళ్ళొస్తానే అని చెప్పే లేచాను. అది నా వైపు చూసి నవ్వింది. ఎప్పుడని అడగలేదు.

రెండు రోజులన్న సెమినారు సాగింది. ఆ తర్వాత పరీక్షలేవో పెట్టారు. పిల్లలు అక్కడే ఉండిపోయారు. ఈలోగా కల్లం పని రమ్మని నేను రెండుసార్లు కబురు పెట్టాను, పాపకు జ్వరమని నాగజ్యోతి రాలేదు. చెప్పిన గురువారం కూడా ఆమె ముగ్గు వేసింది. ఆ సాయంత్రం బస్సు దిగేవాళ్ళను చూస్తూ కాలవ గట్టు మీద కూర్చుందని తర్వాత చెప్పారు. భానుశ్రీ రాలేదు. మర్నాడు పొద్దున పాప ఏడుపు విని పక్కింటివాళ్ళు తలుపు తోశారు. నాగజ్యోతి కూడా మొగుడి దారే పట్టింది.

భానుశ్రీ ఆ శనివారం వచ్చింది. నేను బస్సు దగ్గరకెళ్ళి నిలబడ్డాను. దిగుతూనే సంచిలోంచి చిన్న గౌను తీసి చూపించింది, "పాపకు సరిపోద్దంటావా?" అంటూ. నా ముఖం చూసి గౌను మళ్ళీ సంచిలో పెట్టేసింది. ఎవరు పెద్దమ్మా అని మాత్రం అడిగింది.

ఇద్దరం కాలనీకి వెళ్ళాం. వాకిట్లో గురువారం నాటి ముగ్గు సగం తొక్కుళ్ళు పడి ఉంది. పొన్నూరు నుంచి నాగజ్యోతి తల్లి వచ్చింది. పాప ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. భానుశ్రీ గౌను పాప పక్కన పెట్టింది. ఎంతసేపు కూర్చుందో, లేచింది. నేను దాని నోటి వైపే చూస్తున్నాను. ఏమీ అనలేదు. అటు తిరిగి వచ్చేసింది, మా ఊరివాళ్ళు వచ్చినట్టే.

ఇంటి ముందు బకెట్‌లో నీళ్ళు పెట్టే ఉంచాను. చెంబుతో కాళ్ళ మీద పోసుకుంది. ఇంకో చెంబు పోసుకుంది. బకెట్ అయిపోయినా గడప ఎక్కలేదు. గాబు దగ్గరకెళ్ళి ముంచుకుని పోసుకోవడం మొదలుపెట్టింది. చెయ్యి పట్టుకుని చెంబు లాక్కున్నాను. "చాలమ్మా, పోయింది" అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. ఆ రోజు అరుగు మీద కూర్చుంది కానీ నాకు ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వు చంపలేదే తల్లీ అని చెప్పాను. దాని మొగుడు పోయిన రోజే అది సగం పోయింది, నీ వల్లే ఆ నాలుగు వారాలు ముగ్గు వేసింది అన్నాను. సర్దార్‌బీ వచ్చి ఒళ్ళో తల పెట్టుకుని జుట్టు నిమిరింది. అన్నం కలిపి నోట్లో పెడితే నమిలేది, మింగేది కాదు. పలక గూట్లో అలాగే ఉండిపోయింది.

మాస్టారు వచ్చారు. జరిగింది కాగితం మీద పెట్టు, మనసు తేలికవుతుంది, రిపోర్టుకు కూడా పనికొస్తుంది అన్నారు దానితో. మంచికే అన్నారు. పక్కనే ఉన్న చైతన్యకృష్ణ అంతవరకు నోరు విప్పని పిల్లాడు. లేచి నిలబడ్డాడు. "సార్, వచ్చినప్పుడల్లా ఎన్ని ఇళ్ళయ్యాయని అడిగారు. మేమెలా ఉన్నామని ఒక్కసారన్నా అడిగారా?" అన్నాడు. మాస్టారు అరుగు మీద కూలబడ్డారు. పోయినేడాది వచ్చినప్పుడు ఆ మాటే గుర్తు చేసుకున్నారు. నేను చదివిన రోజుల్లో నన్నూ ఎవరూ అడగలేదమ్మా, అడగాలని నాకు తెలియలేదు అన్నారు.

చీరాలకు కబురు పెడితే వాళ్ళ నాన్న యలమందయ్య గారు వచ్చారు. నేతగాడి వేళ్ళు, రంగు దిగిన గోళ్ళు. కూతురి బట్టలు తనే మడిచి సంచిలో పెట్టారు. నేను ఇన్ని మిరపకాయలు మూట కట్టి ఇచ్చాను. గడప దిగుతూ ఆయన నా వైపు తిరిగి చేతులు జోడించి, "వెళ్ళొస్తామమ్మా" అనబోయారు.

"అనకు నాన్నా" అంది భానుశ్రీ.

ఆ మాట నా ఇంటి గడప మీద అంది. నా ఇంట్లో ఎవరూ పోలేదు అప్పుడు. ఆయన నోట్లోనే మాట ఆగిపోయింది. ఇద్దరూ అటు తిరిగి బస్సు వైపు నడిచారు. నేను చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ వీపులు చూశాను.

ఊళ్ళకు పిల్లల్ని పంపే పెద్దలకు ఒక మాట రాయాలి ఇక్కడ. పంపొద్దని నేను అనను. భానుశ్రీ రాకపోతే నాగజ్యోతి ముఖం చూసేవాళ్ళు ఎవరూ లేరు. కానీ మా ఊళ్ళో చావింటికి వెళ్ళొచ్చిన మనిషి కోసం ఇంటి దగ్గర ఎవరో ఒకరు నీళ్ళు తోడి పెట్టి చూస్తుంటారు. మీ పిల్లల కోసం కూడా ఒక మనిషిని పెట్టండి. ఆ మనిషి ఇళ్ళ లెక్క అడగకూడదు. పిల్ల ఒక ఇంటికి మళ్ళీ వస్తానని మాట ఇస్తే, జీపు ఆగాలి. అంతే నాకు తెలిసింది.

ఆ పిల్ల చదువు మానేసిందని చైతన్యకృష్ణ వచ్చి చెప్పాడు. ఎన్నిసార్లు వెళ్ళినా మాట్లాడలేదన్నాడు. మరుసటి ఏడు మిరప కోతలయ్యాక నేనే చీరాల వెళ్ళాను. మగ్గం గుంటలో యలమందయ్య గారు నేస్తున్నారు. పక్కన రాట్నం ముందు కూర్చుని భానుశ్రీ కండెలకు నూలు చుడుతోంది. సగమైంది మనిషి. నన్ను చూసి లేచి మంచినీళ్ళు ఇచ్చింది, మళ్ళీ రాట్నం దగ్గర కూర్చుంది. నేను సర్దార్‌బీ కబుర్లు చెప్పాను, కల్లం కబుర్లు చెప్పాను. వింటోందో లేదో తెలియలేదు. వాళ్ళమ్మ భోజనం పెట్టింది. బస్సు వేళయింది.

లేచి నిలబడ్డాను. ఆ ఇంట్లో అందరూ ఆ మాట మానేశారట, దాని కోసం. నాకు తెలుసు, అయినా అన్నాను. "వెళ్ళొస్తానమ్మా" అన్నాను.

రాట్నం ఆగింది. అది తలెత్తలేదు. నూలు పోగు వేళ్ళ మధ్య అలాగే పట్టుకుని ఉంది.

"ఎప్పుడు?" అంది.

"గురువారం" అన్నాను.

ఆ గురువారం వెళ్ళాను. ఆ పై గురువారం కూడా వెళ్ళాను. మా ఊరి నుంచి చీరాలకు రెండు బస్సులు మారాలి. వానల్లో ఒక బస్సు రాదు. ఒకసారి వరదకు రోడ్డు తెగి చేరలేకపోతే, ఆ రాత్రంతా వాళ్ళ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదని వాళ్ళమ్మ చెప్పింది. అప్పుడే నిర్ణయించుకున్నాను. నాకున్న కాస్త పొలం చెక్క చలమయ్య బావ కొడుక్కి కౌలుకిచ్చి, వాళ్ళ వీధిలోనే ఒక గది తీసుకున్నాను.

బాగుపడిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. కానీ బాగుపడలేదు. మళ్ళీ చదువుకోలేదు, పెళ్ళి మాటెత్తితే లోపలికి వెళ్ళిపోతుంది. కొన్ని రోజులు నా వైపు చూడదు కూడా. ఒత్తులు నాకు భానుశ్రీ తమ్ముడి కూతురు నేర్పింది. నేను పలక మీద దిద్దుతుంటే భానుశ్రీ పక్కన కండెలు చుడుతూ కూర్చునేది. తప్పు రాస్తే రాట్నం కాస్త నెమ్మదించేది. ఇది కూడా దాని పక్కనే కూర్చుని రాస్తున్నాను. ఎవరి గురించో అడగలేదు, చదవమనీ నేను అనలేదు.

రోజూ ఉండేది ఒకే వీధిలో అయినా, పొద్దు వాలాక లేచేటప్పుడు ఆ మాట చెప్పే వస్తాను. అది ఎప్పుడని అడుగుతుంది. నేను రేపు అంటాను.

సుబ్బరావమ్మ
అరవై రెండేళ్ళు
నేతవారి వీధి, చీరాల